ఎనిమిది సెకన్లు

హూడి సర్కిల్ దాటాక, పెట్రోలు బంకు పక్కన
కారు దిగకుండా తినేవాళ్ల కోసం కట్టిన కొట్టు.
దాని మెనూ బోర్డు ఇవాళ నా పని.
రాత్రి పదింపావు.
స్కూటరు సీటు కింద టేపు, లక్స్ మీటరు,
మూడు నకళ్ల ఫారం, మధ్యలో నలిగిన కార్బను.

కార్ల వరసలో స్కూటరు పెట్టానో లేదో
స్తంభంలోంచి ఒక గొంతు,
"ఆర్డర్ హేళి సార్."
నేను టేపు లాగుతున్నాను.
పదకొండు అడుగుల రెండంగుళాలు, అనుకున్నాను పైకే.
గొంతు కాసేపు వెతికి చెప్పింది,
అది ఇవాళ లేదంట.

మా నియమాల పుస్తకంలో
వెలుగుక్కూడా సరిహద్దు రాళ్లున్నాయి.
రోడ్డు అంచుకి ఇంత, ఇళ్ల జోనుకి ఇంత.
బొమ్మ మారే ముందు ఎనిమిది సెకన్లు కదలకూడదు.
ఎనిమిదే ఎందుకో, ఏడెందుకు కాదో
బసవలింగయ్య సారుకీ తెలీదు.
అడిగితే కళ్లజోడు తుడుచుకుంటాడు.

ఫిర్యాదు ఎదురు సందులోంచి, మొదటి అంతస్తు.
అశ్వర్థమ్మ.
కిటికీ కింద కుట్టుమిషను. నోట్లో హిందూపురం.
నేను తెలుగులో పలకరించగానే
ఫారం పక్కన పెట్టించి టీ పెట్టింది.

నిద్ర పట్టడం లేదామ్మా, అన్నాను.
అందరూ అదే రాస్తారు.
"నిద్ర సంగతి కాదు సార్, దారం సంగతి."

ఒక జాకెట్టు పరిచింది. ఎవరో టీచరమ్మది, మెరూన్ పట్టు.
"ఆ బర్గరు ఎర్రగా వెలిగిందంటే
మెరూనూ వంకాయరంగూ ఒక తల్లి పిల్లలైపోతాయి.
మెడా చేతులూ అంతా వంకాయదారంతో కుట్టేస్తి.
తెల్లారి చూస్తే..."
మిగతాది బ్లేడు చెప్పింది.
రెండు రోజులుగా విప్పుతోంది, ఒక్కో కుట్టూ.

ట్యూబులైటు ఉందిగా?
"ఉంది. దాని బలమెంత, దాని బలమెంత?"

మీటరు కిటికీలో పెట్టాను.
గోడ మీద బర్గరు వచ్చింది, పోయింది.
ఐస్‌క్రీము వచ్చింది.
నూట నలభై తొమ్మిది వచ్చింది.
క్యాలెండరులో ఏప్రిల్ నెల ఎర్రబడి, నీలబడి,
కాసేపు తారీఖుల్లేకుండా నిలబడింది.

వాచీ చూసి లెక్కపెట్టబోతే ఆవిడ అడ్డొచ్చింది.
"మొదట్లో బొమ్మకి నాలుగు కాజా కుట్లు పడేవి సార్.
ఇప్పుడు మూడే."
సూది తీసుకుంది.
ఒకటి.
రెండు.
మూడోది బిగించేలోపు బర్గరు పోయింది.
నా వాచీలో ఆరు సెకన్లు.

కొట్టుకి దిగి మేనేజరుని అడిగాను.
మీసాలు సరిగ్గా రాని కుర్రాడు, టోపీ తీశాడు.
బోర్డుకి ఇక్కడ స్విచ్చే లేదన్నాడు.
ఎక్కడో పైన ఎవరో నడుపుతారట.
ఆ ఎవరో ఊరేదో తనకీ తెలీదట.
కావాలంటే ఫ్రైస్ ఇస్తానన్నాడు.

ఎత్తు, వెడల్పు, కాంతి, దూరం,
ఫారంలో అన్నిటికీ గళ్లున్నాయి.
దారానికి లేదు.
ఇతర వివరాలు అన్నచోట అరంగుళం జాగాలో
"మెరూన్ బదులు వంకాయరంగు పడుతున్నది" అని రాశాను,
మూడో నకలు దాకా దిగేలా నొక్కి.

బసవలింగయ్య సారు దాని కింద గీత గీసి
ఇదేమిటయ్యా అన్నాడు.
కొలతే సార్, అన్నాను.
కళ్లజోడు తుడుచుకున్నాడు.
గీత కొట్టేయలేదు, సంతకం పెట్టాడు.

నోటీసు వెళ్లింది. పదిహేను రోజుల గడువు.
నిన్న రాత్రి ఆ దారినే వస్తూ తలెత్తాను.
అశ్వర్థమ్మ కిటికీకి
ఏదో లైనింగు గుడ్డ గుండుసూదులతో గుచ్చుంది.
వెనక మిషను చప్పుడు ఆగి, నడిచి, ఆగి.
గుడ్డ ఒకసారి మెరూన్, ఒకసారి వంకాయ.
దాని అసలు రంగేమిటో
పగలొచ్చి చూడాలి.